గ్యాప్ ఇయర్ లెక్క ఎక్కడ తప్పుతుందంటే

మా పెద్దమ్మాయి డిగ్రీ పట్టా తీసుకున్న వారానికే గుంటూరు నుంచి మా అమ్మ ఫోన్ చేసి "ఇప్పుడేం చేస్తుందే పిల్ల?" అని అడిగింది. ఒక సంవత్సరం గ్యాప్ తీసుకుని మెడిసిన్‌కి అప్లై చేస్తుందమ్మా అన్నాను. "ఓహో, లాంగ్ టర్మ్ పెట్టిందన్నమాట" అంది. అంతేనమ్మా అన్నాను, ఎందుకంటే అప్పటికి నాకూ అంతకన్నా తెలియదు. అమెరికాలో ఇరవై ఏళ్ళు ఉన్నా, ఇక్కడే పుట్టిన పిల్లని ఇక్కడే చదివించినా, మెడిసిన్ అనేసరికి నా బుర్రలో నడిచేది ఎంసెట్ లెక్కే. ఆ లెక్కతోనే ప్లాన్ వేసుకున్నాం, ఒక సంవత్సరం పోయింది, మూడు వేల డాలర్లకి దగ్గరగా ఖర్చయింది, ఇంట్లో అందరికీ నిద్రలు పోయాయి. మా ఊళ్ళో, అంటే డాలస్ చుట్టుపక్కల, ఇదే లెక్కతో మొదలుపెడుతున్న తెలుగు కుటుంబాలు నాకే నాలుగైదు తెలుసు. పిల్లలు ఇవన్నీ ఇంగ్లీషులో చదువుకుంటారు. ఇది వాళ్ళ అమ్మానాన్నల కోసం రాస్తున్నాను.

మన లాంగ్ టర్మ్ సంగతి మీకు తెలిసిందే. ఇంటర్ అయ్యాక నీట్‌లో ర్యాంకు రాకపోతే విజయవాడలోనో హైదరాబాద్‌లోనో హాస్టల్లో చేరతారు, ఏడాదంతా అవే మూడు సబ్జెక్టులు రుబ్బుతారు, మళ్ళీ వేసవిలో ఒకరోజు 720 మార్కులకి పరీక్ష రాస్తారు. ఆ ఏడాది నువ్వేం చేశావు, ఎవరితో మాట్లాడావు, ఏం నేర్చుకున్నావు అని ఏ కాలేజీ అడగదు. ర్యాంకు వస్తే సీటు, లేకపోతే లేదు. ఇక్కడ అలా కాదు. ఎమ్‌క్యాట్ అని పరీక్ష ఉంది, 472 నుంచి 528 దాకా స్కోరు ఇస్తారు, సెంటర్లో ఏడున్నర గంటలు కూర్చోవాలి, చిన్న పరీక్షేం కాదు. కానీ స్కోరు ఒక్కటే చూసి సీటివ్వరు. దాంతోపాటు డిగ్రీ మార్కులు, రోగుల దగ్గర చేసిన పని, రీసెర్చ్, సేవ, ప్రొఫెసర్ల సిఫార్సు ఉత్తరాలు, వ్యాసాలు, చివరికి ఇంటర్వ్యూ. గ్యాప్ ఇయర్‌లో పిల్లలు ఏం చేశారన్నది కూడా ఇందులో భాగమే, పుస్తకాలు పట్టుకుని గదిలో కూర్చుంటే ఆ భాగం ఖాళీగా మిగులుతుంది.

ఇంకో మాట ముందే చెప్పాలి, ఎందుకంటే దీని గురించి పిల్లలు చాలా నలుగుతారు. ఇక్కడ గ్యాప్ తీసుకోవడం అంటే ఫెయిలవడం కాదు. ఈ మధ్య ఏళ్ళలో అమెరికా మెడికల్ స్కూళ్ళలో చేరుతున్నవాళ్ళలో దాదాపు నాలుగింట మూడు వంతుల మంది డిగ్రీకీ మెడిసిన్‌కీ మధ్య కనీసం ఒక ఏడాది తీసుకున్నవాళ్ళే. ఆ స్కూళ్ళ సంఘం ఏఏఎంసీ కొత్తగా చేరినవాళ్ళని ఏటా అడిగి రాసుకునే లెక్క ఇది. ఏటా సుమారు 52 నుంచి 55 వేల మంది అప్లై చేస్తే చేరేది 23 వేల చిల్లర. పార్టీలో ఎవరైనా "అమ్మాయి ఖాళీగానే ఉందా వదినా?" అని అడిగితే సమాధానం చెప్పాల్సింది మీరే, పిల్ల తల దించుకునేలా చేయొద్దు.

ఇక అసలు చిక్కు. క్యాలెండర్ దగ్గర ఉంది.

2027 వేసవిలో మెడికల్ స్కూల్లో క్లాసులు మొదలవ్వాలనుకోండి. దానికి అప్లికేషన్ 2026 మే నెలలో తెరుచుకుంటుంది, మే చివర్లోనో జూన్ మొదట్లోనో పంపొచ్చు, జూన్ చివర్లో స్కూళ్ళకి చేరుతుంది. అంటే చేరడానికి ఏడాది పైన ముందు. ఇప్పుడు 2026 మేలో డిగ్రీ అయిపోయి, ఒక్క ఏడాది గ్యాప్ అనుకున్న పిల్లని తీసుకోండి. ఆ పిల్ల అప్లికేషన్ పంపాల్సింది గ్రాడ్యుయేషన్ గౌను విప్పిన రెండు మూడు వారాల్లో! గ్యాప్ ఇయర్ ఇంకా మొదలే కాలేదు. ఆ ఏడాదిలో చేయబోయే ఉద్యోగం, రాయబోయే ఎమ్‌క్యాట్, చేయబోయే రీసెర్చ్, వీటిలో ఒక్కటీ 'చేశాను' అని ఆ అప్లికేషన్లో రాసుకోవడానికి ఉండదు. ఒక్క ఏడాది గ్యాప్‌తో అప్లికేషన్ బలపడుతుందని మనం అనుకుంటాం కదా, ఆ బలం అప్లికేషన్ వెళ్ళిపోయాక వస్తుంది. మా ఇంట్లో తప్పు ఇక్కడే జరిగింది.

పూర్తిగా ఉపయోగం లేదనడం లేదు. యామ్‌కాస్ అని, ఎక్కువ స్కూళ్ళకి ఉమ్మడిగా వాడే అప్లికేషన్ అది, అందులో 15 పనుల దాకా రాసుకోవచ్చు. ఒక్కోదానికి 700 అక్షరాలు, బాగా ముఖ్యమైనవి మూడిటికి ఇంకో 1325. అక్కడ ఇప్పటిదాకా చేసిన గంటలు వేరుగా, ఇకముందు చేయబోయే గంటలు వేరుగా అడుగుతారు. కాబట్టి జూన్‌లో మొదలుపెట్టబోయే ఉద్యోగాన్ని కూడా రాయొచ్చు. కానీ స్కూలు అడ్మిషన్ కమిటీలో కూర్చుని చదివే మనిషి వైపు నుంచి చూడండి. చేసినవి సున్నా, చేయబోయేవి 1500 అని ఒకరు రాశారు, చేసినవే 1500 అని ఇంకొకరు రాశారు. మొదటిది మాట, రెండోది పని. పైగా అలా రాసిన గంటలు ఒక రకంగా మాటివ్వడమే. నవంబరులో ఇంటర్వ్యూలో "ఆ ఉద్యోగం ఎలా ఉంది?" అని అడిగితే, మానేశానండీ అని చెప్పాల్సి వస్తే, ఎందుకు మానేశావో కూడా చెప్పాలి. చేయబోయేవి అనే గడిలో నోటికొచ్చిన అంకె వేయొద్దని మీ పిల్లలకి గట్టిగా చెప్పండి.

మా అమ్మాయి విషయంలో ఏం జరిగిందంటే, డిగ్రీ చివరి సెమిస్టర్ బరువుగా ఉందని ఎమ్‌క్యాట్ ఆగస్టుకి పెట్టుకుంది. గ్యాప్ ఇయర్ ఉందిగా, తొందరేముంది అనుకున్నాం. ఆగస్టు చివర్లో రాస్తే స్కోరు రావడానికి నెల పైన పట్టింది. అప్లికేషన్ మాత్రం అంతకుముందే పంపింది, కానీ స్కోరు వచ్చేదాకా చాలా స్కూళ్ళు ఫైలు పక్కన పెట్టేస్తాయి, అంటే అక్టోబరు దాకా ఆ అప్లికేషన్ని ఎవరూ చదవలేదన్నమాటే. ఇక్కడ సీట్లు మన కౌన్సెలింగ్‌లా ఒక రోజు ఇచ్చేయరు. వచ్చినవి వచ్చినట్టు చదువుతూ, ఆగస్టు సెప్టెంబరు నుంచే ఇంటర్వ్యూలకి పిలుస్తూ, అక్టోబరు మధ్య నుంచి ఆఫర్లు ఇస్తూ పోతారు. మనం వెళ్ళేసరికి బంతి చివర కూర్చున్నట్టు, విస్తరి ఉంటుంది గానీ గారెలు అయిపోయి ఉంటాయి. గడువు తేదీ నవంబరులోనో డిసెంబరులోనో ఉందని చూసి మేము ధైర్యంగా ఉన్నాం. గడువు లోపల పంపడం వేరు, వేళకి పంపడం వేరు. ఒక్క ఇంటర్వ్యూ కూడా రాలేదు. మార్చి దాకా రోజూ పొద్దున్నే మెయిలు చూసుకోవడం, చూసి ఫోను బోర్లా పెట్టేయడం. ఆ నాలుగు నెలలు నా కూతురు ముఖం నేను మర్చిపోలేను.

కాబట్టి ఒక ఏడాదా, రెండేళ్ళా అన్న ప్రశ్నకి నా జవాబు, ముందు అప్లికేషన్లో ఏం తక్కువైందో చూడండి. డిగ్రీ మూడో ఏడాది చివరికే ఎమ్‌క్యాట్ రాసేసి, మార్కులు బాగుండి, ఆసుపత్రి పని కొంత చేసి, ఉత్తరాలు కూడా సిద్ధంగా ఉన్న పిల్లకి ఒక్క ఏడాది సరిపోతుంది. ఆ ఏడాది ఆమెకి బలం తెచ్చుకోవడానికి కాదు, అప్లికేషన్ పనులు ఊపిరాడేలా చేసుకోవడానికి, కాస్త డబ్బు దాచుకోవడానికి, ఇంటర్వ్యూలకి తిరగడానికి. అలా కాకుండా ఏదైనా బాగు చేసుకోవాల్సింది ఉంటే, ఎమ్‌క్యాట్ కావచ్చు, జీపీఏ, అంటే డిగ్రీ మార్కుల సగటు, కావచ్చు, రోగుల దగ్గర గంటలు అసలు లేకపోవడం కావచ్చు, అప్పుడు నిజాయితీగా రెండేళ్ళు అని ముందే అనుకోవడం మంచిది. మొదటి ఏడాది బాగు చేసుకోవడానికి, రెండో ఏడాది అప్లై చేయడానికి. రెండేళ్ళా అని గుండె గుభేలుమంటుంది, నాకూ అలాగే అయింది. కానీ మేము ఒకటి అనుకుని రెండు చేశాం, అందులో ఒకటి వృథాగా పోయింది. ముందే రెండు అనుకుని ఉంటే ఆ ఏడాది ఏడుపు లేకుండా గడిచేది. చేరినవాళ్ళ సగటు ఎమ్‌క్యాట్ 511, 512 దగ్గర ఉంటోంది, జీపీఏ 4కి 3.7 పైన. సగటే అది, గీత కాదు, అయినా మీ పిల్ల అక్కడికి ఎంత దూరంలో ఉందో చూసుకోవడానికి పనికొస్తుంది.

ఇప్పుడు ఉద్యోగం సంగతి. గ్యాప్ ఇయర్ పిల్లలు చేసే పనులు కొన్ని ఉన్నాయి. డాక్టరు వెంట ఉండి రోగి చెప్పేది, డాక్టరు చెప్పేది కంప్యూటర్లో ఎక్కించే స్క్రైబ్ పని, క్లినిక్‌లో బీపీ చూసి రోగిని గదిలో కూర్చోబెట్టే మెడికల్ అసిస్టెంట్ పని, కోర్సు చేసి సర్టిఫికెట్ తెచ్చుకుంటే అంబులెన్స్‌లో ప్రథమ చికిత్స చేసే ఈఎంటీ పని, యూనివర్సిటీ ఆసుపత్రుల్లో క్లినికల్ రీసెర్చ్ కోఆర్డినేటర్ పని, ల్యాబ్ పని. మేరీలాండ్‌లో బెథెస్డా దగ్గర ఎన్ఐహెచ్ అని ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఉంది, వాళ్ళకి డిగ్రీ అయిన పిల్లలని ఒకటి రెండేళ్ళు తీసుకునే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. జీతాలు గొప్పగా ఉండవు, స్క్రైబ్‌కి మరీ తక్కువ.

వీటిలో మెలిక ఎక్కడుందంటే, రీసెర్చ్ ఉద్యోగాలు ఇచ్చేవాళ్ళు చాలామంది రెండేళ్ళు ఉంటావా అని అడుగుతారు. వాళ్ళ బాధ వాళ్ళది, పని నేర్పడానికే ఆరు నెలలు పడుతుంది, నేర్చుకున్నాక వెళ్ళిపోతే ఎలా. పిల్లలేమో ఉద్యోగం కావాలి కాబట్టి ఉంటానంటారు, లోపల మాత్రం ఏడాదికే సీటు వస్తుందని ఆశ. నాకు తెలిసిన ఒక అబ్బాయి ఇలాగే రెండేళ్ళని చెప్పి చేరాడు, పదో నెలలో వెళ్ళిపోతున్నానని చెప్పాడు, ఆ డాక్టరు కోప్పడలేదు గానీ ఉత్తరం మాత్రం రెండు వాక్యాల్లో తేల్చేశారు. మొహమాటానికి పోయి మాటివ్వడం మనకి అలవాటు, పెద్దవాళ్ళ ముందు కాదనలేం. ఇక్కడ ఆ మొహమాటమే ముంచుతుంది. ఇంటర్వ్యూలోనే చెప్పేయాలి: నేను వచ్చే జూన్‌లో మెడిసిన్‌కి అప్లై చేస్తాను, సీటు వస్తే ఫలానా నెలదాకా ఉంటాను, రాకపోతే ఇంకో ఏడాది ఉంటాను, ఇంటర్వ్యూల కాలంలో నెలకి రెండు మూడు రోజులు సెలవు కావాలి. మా అమ్మాయి రెండో ఏడాదికి ఇలాగే చెప్పి అడిగింది. ఒకచోట కుదరదన్నారు, ఇంకోచోట ఆ మాట చెప్పినందుకే మెచ్చుకుని తీసుకున్నారు. గ్యాప్ ఇయర్ పిల్లలతో పనిచేయడం వాళ్ళకి కొత్త కాదు, దాచినప్పుడే ఇబ్బంది.

ఎంత పని పెట్టుకోవాలన్నది ఇంకో ప్రశ్న. జూన్ నుంచి ఆగస్టు దాకా ఎంత తక్కువ పని ఉంటే అంత మంచిది, అది మాకు ఆ జూలైలో అర్థమైంది. మొదటి అప్లికేషన్ వెళ్ళాక స్కూళ్ళు సెకండరీలని ఒక్కో స్కూలుకి వేరే వ్యాసాలు అడుగుతాయి. ఒక్కొక్కరు సగటున 18 స్కూళ్ళకి పెడతారు, స్కూలుకి మూడు నాలుగు వ్యాసాలు వేసుకోండి. అవన్నీ జూలైలో వానలా ఒక్కసారి మీద పడతాయి, రెండు వారాల్లో తిప్పి పంపడం మంచిదని అందరూ చెబుతారు. మా అమ్మాయి అప్పుడు ఎమర్జెన్సీ వార్డులో స్క్రైబ్, సాయంత్రం ఆరు నుంచి రాత్రి రెండు దాకా డ్యూటీ. రెండున్నరకి గరాజ్ తలుపు చప్పుడయ్యేది. నేను లేచి పెరుగన్నం కలిపి పెడితే, గిన్నె ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో ల్యాప్‌టాప్ తెరిచేది. ఫ్రిజ్ మీద పసుపు చీటీలు, ఒక్కో చీటీ మీద ఒక్కో స్కూలు పేరు, పంపేసినవాటి మీద అడ్డగీత. రెండో వారానికి చీటీల్లో సగం కూడా గీతలు పడలేదు. మూడో వారం వాళ్ళ మేనేజర్ని అడిగి వారానికి రెండు షిఫ్టులు తగ్గించుకుంది. ఆ పని జూన్‌లోనే చేసి ఉండాల్సింది.

తెలివైన పిల్లలు చేసేది, ఈ వ్యాసాల్ని మే నెలలోనే మొదలుపెట్టడం. చాలా స్కూళ్ళు ఏటా అవే ప్రశ్నలు అడుగుతాయి కాబట్టి పాత ప్రశ్నలు చూసి ముందే రాసి పెట్టుకోవచ్చు. వాటిలో ఒక ప్రశ్న చాలా చోట్ల వస్తుంది: డిగ్రీ అయిపోయి ఉంటే ఈ సంవత్సరం ఏం చేస్తున్నావు? గ్యాప్ ఇయర్ ఉద్యోగం నిజంగా అప్లికేషన్లోకి వచ్చే మొదటి ద్వారం ఇదే. మొదటి ఫారం ఒకసారి పంపాక అందులో పనుల వివరాలు మార్చనివ్వరు, కానీ ఈ ప్రశ్న జూలై ఆగస్టుల్లో వస్తుంది కదా, అప్పటికి రెండు నెలల పని అయినా చేసి ఉంటే రాయడానికి సరుకు ఉంటుంది. రెండో ద్వారం శీతాకాలంలో పంపే అప్‌డేట్ ఉత్తరం. కొన్ని స్కూళ్ళు తీసుకుంటాయి, కొన్ని వద్దంటాయి, వద్దన్నచోట పంపకూడదు. మూడోది ఇంటర్వ్యూ.

ఇంటర్వ్యూ దగ్గర ఒక్కటి చెప్పాలి. ఒక రాత్రి మా అమ్మాయి ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండానే "అమ్మా, గాబరా అంటే భయమా, నొప్పా?" అని అడిగింది. ఎవరో పెద్దావిడ, పేరు గీరు నాకు చెప్పలేదు, చెప్పకూడదు కూడా, కొడుకు దగ్గరికి వచ్చిన తెలుగావిడ, ఎమర్జెన్సీలో "గుండెల్లో గాబరాగా ఉంది" అంటోందట. వీడియోలో దుభాషీ దొరకడానికి కాసేపు పట్టింది. మా పిల్లకి తెలుగు అర్థమవుతుంది, కానీ స్క్రైబ్ పని రాయడం, దుభాషీ పని చేయకూడదు, అలా చేస్తే రోగికే ప్రమాదం. డాక్టరుకి ఆ మాటే చెప్పింది. నువ్వు ఆవిడ పక్కన కూర్చో చాలు అన్నారట. తీరా దుభాషీ వచ్చి మొదట ఆందోళన అని చెప్పారట, డాక్టరు వదలకుండా ఇంకోలా, మరోలా అడిగితే అది గుండె దడ అని తేలింది. నేను చెప్పాను, ఆ మాటకి ఒక్కటే అర్థం ఉండదమ్మా, మా నాయనమ్మ తల తిరిగినా గాబరా అనేది, ఆకలేసినా గాబరా అనేది అని. పిల్ల చాలాసేపు ఆలోచిస్తూ కూర్చుంది. తర్వాత ఇంటర్వ్యూల్లో "ఈ ఏడాది నీకేం నేర్పింది?" అని అడిగినచోటల్లా ఆ రాత్రి గురించి చెప్పిందట. తనకి భాష వచ్చి కూడా నోరు మూసుకుని కూర్చోవడం, డాక్టరు అదే ప్రశ్న మూడు రకాలుగా అడగడం. ఇలాంటిది కోచింగ్‌లో దొరకదు, 1500 గంటలు అక్కడ నిలబడితే ఒకటో రెండో దొరుకుతాయి.

కోవిడ్ తర్వాత చాలా స్కూళ్ళు ఇంటర్వ్యూలు ఆన్‌లైన్‌లోనే చేస్తున్నాయి, అది గ్యాప్ ఇయర్ పిల్లలకి పెద్ద ఊరట, విమానం ఖర్చు లేదు, సెలవు ఒక పూట సరిపోతుంది. ముందురోజు రాత్రి షిఫ్టు మాత్రం వేసుకోనివ్వొద్దు. మా పిల్ల ఒకసారి వేసుకుంది, కళ్ళు ఎర్రగా పెట్టుకుని కూర్చుంది, ఆ స్కూలు రాలేదు. అదే కారణమని అనను, కానీ ఇంకోసారి వేసుకోలేదు.

ఉత్తరాల గురించి. కాలేజీ వదిలి ఏడాదయ్యాక ప్రొఫెసర్‌కి మీ పిల్ల ముఖం గుర్తుండదు, డిగ్రీలో ఉండగానే అడిగి రాయించి పెట్టుకోవాలి. కొన్ని కాలేజీల్లో కమిటీ ఉత్తరం, అంటే కాలేజీ తరఫున అందరూ కలిపి ఇచ్చే సిఫార్సు, ఉంటుంది, చదువైపోయినవాళ్ళకి ఇస్తారో లేదో ముందే కనుక్కోవాలి. ఎమ్‌క్యాట్ స్కోరుకీ వయసుంది, రెండు మూడేళ్ళు దాటితే చాలా స్కూళ్ళు తీసుకోవు. రెండేళ్ళ గ్యాప్ అనుకుని, రెండో ఏడాది చదువులోనే పరీక్ష రాసేసిన పిల్లలకి ఇది దెబ్బ కొడుతుంది.

వీసా మీద ఉన్న పిల్లలది వేరే కథ, మన తెలుగువాళ్ళలో వీళ్ళు తక్కువమందేం కాదు. మా పిల్లలు ఇక్కడే పుట్టారు కాబట్టి మాకు ఆ బాధ లేదు, కానీ మా పక్కింటి వాళ్ళ బాధ కళ్ళారా చూశాను. హెచ్4 మీద, అంటే హెచ్1బీ వీసా ఉన్న అమ్మానాన్నల మీద ఆధారపడి ఉన్న పిల్లలు జీతం వచ్చే పని చేయకూడదు, పైగా 21 నిండితే మామూలుగా ఆ వీసా పోతుంది, ఎఫ్1కి, అంటే విద్యార్థి వీసాకి, మారాలి. అంటే సరిగ్గా డిగ్రీ అయ్యే వయసు. ఎఫ్1 మీద డిగ్రీ అయితే ఓపీటీ, అంటే చదువయ్యాక పని చేసుకునే అనుమతి, 12 నెలలు వస్తుంది. కానీ అది చదివిన సబ్జెక్టుకి సంబంధించిన పని అయ్యుండాలి, మొత్తం మీద 90 రోజులకి మించి పని లేకుండా ఉండకూడదు. బయాలజీ లాంటి సైన్సు డిగ్రీ అయితే ఇంకో 24 నెలలు పొడిగించుకోవచ్చు, దానికి ఈ-వెరిఫైలో, అంటే ఉద్యోగుల పని అనుమతిని సరిచూసే ప్రభుత్వ పద్ధతిలో, నమోదైన యజమాని, జీతమున్న ఉద్యోగం కావాలి. కాబట్టి మిగతా పిల్లల్లాగా ఇక్కడ నాలుగు నెలలు, అక్కడ మూడు నెలలు, మధ్యలో ఎమ్‌క్యాట్ కోసం ఇంట్లో కూర్చోవడం అంటే వీళ్ళకి కుదరదు. ఓపీటీకి డిగ్రీ పూర్తయ్యే తేదీకి 90 రోజుల ముందు నుంచే అప్లై చేయొచ్చు, ఆ మొదటి రోజు దాటనివ్వొద్దు. ఇక గ్రీన్‌కార్డు లేని పిల్లల్ని తీసుకునే మెడికల్ స్కూళ్ళే తక్కువ, తీసుకునేచోట కూడా డబ్బు ఎక్కడినుంచి తెస్తారో చూపించమంటారు. వీళ్ళు గ్యాప్ ఇయర్ ప్లాన్ వేసుకునే ముందే ఏ స్కూళ్ళు తమని చూస్తాయో రాసుకోవాలి, కాలేజీలోని అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసుతోనూ ఒక ఇమిగ్రేషన్ లాయరుతోనూ మాట్లాడాలి. తెలిసినవాళ్ళ మాట విని ఆగిపోవద్దు, నా మాట విని కూడా.

డబ్బు గురించి క్లుప్తంగా. యామ్‌కాస్‌కి మొదటి స్కూలుకి సుమారు 175 డాలర్లు, ఆ తర్వాత ఒక్కోదానికి 40 పైన, సెకండరీలకి చాలా చోట్ల మళ్ళీ వంద అటూ ఇటూ. ఆదాయం తక్కువున్న కుటుంబాలకి ఏఏఎంసీ ఫీజు తగ్గిస్తుంది, దానికి అప్లికేషన్ పంపకముందే అడగాలి. టెక్సస్‌లో ప్రభుత్వ స్కూళ్ళకి వేరే అప్లికేషన్ ఉంది, టీఎండీఎస్‌ఏఎస్ అంటారు, ఎన్ని స్కూళ్ళు పెట్టినా ఒకటే ఫీజు, సీట్లలో 90 శాతం టెక్సస్ వాళ్ళకే. అందుకే టెక్సస్ పిల్లలు గ్యాప్ ఇయర్ ఉద్యోగానికి ఇంకో రాష్ట్రం వెళ్తుంటే, తమ నివాసం లెక్క ఏమవుతుందో ముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. డిగ్రీకి ప్రభుత్వ లోను తీసుకుని ఉంటే ఆరు నెలల తర్వాత, అంటే సరిగ్గా గ్యాప్ ఇయర్ మధ్యలో, వాయిదాలు మొదలవుతాయి. ఇన్సూరెన్స్‌కి మాత్రం భయం లేదు, 26 ఏళ్ళు నిండేదాకా మన ప్లాన్‌లో ఉండొచ్చు. ఇంకోటి, 2026 జూలై 1 నుంచి మెడిసిన్‌కి కొత్తగా ఇచ్చే ప్రభుత్వ లోనుకి పరిమితి పెట్టారు, ఏడాదికి 50 వేలు, మొత్తం 2 లక్షల డాలర్లు, అంతకుముందు ఖర్చంతటికీ ఇచ్చే గ్రాడ్ ప్లస్ లోను కొత్తవాళ్ళకి లేదు. చాలా ప్రైవేటు స్కూళ్ళలో నాలుగేళ్ళ ఖర్చు 3 లక్షలు దాటిపోతుంది. ఆ తేడా ఎలా పూడ్చాలో గ్యాప్ ఇయర్‌లోనే కూర్చుని మాట్లాడుకోవాలి, సీటొచ్చాక కాదు.

చివరగా జనవరి. జనవరి వచ్చేసరికి ఇంటర్వ్యూలు రాకపోతే పిల్లలు నోరు తెరవరు, మనం అడగం, అందరం మార్చి దాకా ఎదురుచూస్తూ కూర్చుంటాం. మేము మొదటి ఏడాది అలాగే కూర్చున్నాం. కానీ మళ్ళీ అప్లై చేయాలంటే మేలో ఫారం తెరుచుకుంటుంది, దానికి ముందు మళ్ళీ ఎమ్‌క్యాట్ రాయాలంటే మార్చి ఏప్రిల్‌కే తేదీ తీసుకుని ఉండాలి, ఉద్యోగంలో ఇంకో ఏడాది ఉంటానని అప్పుడే చెప్పాలి. కాబట్టి సంక్రాంతి అయ్యాక ఒక ఆదివారం కూర్చుని మాట్లాడుకోండి, ఓడిపోయావని కాదు, సీటు రాకపోతే మేలో ఏం చేద్దామని. వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్ళకి ఏప్రిల్ 30 తర్వాత కదలిక వస్తుంది, ఎందుకంటే రెండు మూడు సీట్లు పట్టుకున్నవాళ్ళు ఆ తేదీకి ఒక్కటి ఉంచుకుని మిగతావి వదిలేయాలి. ఆ లిస్టులో ఉన్నా సరే, కొత్త అప్లికేషన్ పని ఆపొద్దు.

రెండోసారి మా అమ్మాయి జూన్ మొదటి వారంలో పంపింది. అదే స్క్రైబ్ పని, కానీ ఈసారి గంటలన్నీ చేసినవాటి గడిలో ఉన్నాయి. అయిదు ఇంటర్వ్యూలు వచ్చాయి, రెండు సీట్లు. మేనేజర్‌కి ఆ వారమే చెప్పింది, మే చివరిదాకా పనిచేసింది, తన చోటికి వచ్చిన అమ్మాయికి రెండు వారాలు పక్కన నిలబడి పని నేర్పింది. ఆ కొత్తమ్మాయి కూడా మెడిసిన్‌కే అప్లై చేస్తోందట, మొదటి రోజే తనకి ఏయే నెలల్లో సెలవులు కావాలో కాగితం మీద రాసి తెచ్చిందని మా పిల్ల ఇంటికొచ్చి సంబరంగా చెప్పింది.